సేవ్ అయిన వైఫైలు, కనిపించే వైఫైలు: వేటిని తీసేయాలి, వేటిని వదిలేయాలి

మీరు అడిగినవి మూడు. అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ తెరిస్తే చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫై పేర్లన్నీ వరసగా వస్తున్నాయి, పిల్లలు పొరపాటున ఏదో ఒకదాని మీద నొక్కేస్తున్నారు, అవి రాకుండా చేయవచ్చా అన్నది మొదటిది. మీ ఫోన్ అడగకుండానే పాత వైఫైలకు అతుక్కుంటోంది, ఒకసారి కరెంటు పోయినప్పుడు వాడుకున్న పై ఫ్లాట్‌వాళ్ల వైఫైకి కూడా అప్పుడప్పుడూ వెళ్లిపోతోంది, ఇంట్లోనేమో హాల్లో కూర్చున్నా బెడ్‌రూంలోని ఎక్స్‌టెండర్‌నే (సిగ్నల్‌ను ఇంకాస్త దూరం అందించే పెట్టె) పట్టుకుని వదలడం లేదు అన్నది రెండోది. కనెక్షన్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి "పేరు హైడ్ చేసేయండి, సేఫ్" అన్నాడు, చేయాలా అన్నది మూడోది.

మూడోదానికి జవాబు "వద్దు" అనే. కారణం తర్వాత వివరంగా చెబుతాను.

ముందు ఒక తేడా స్పష్టం చేసుకుందాం. మీ వైఫై తెర మీద రెండు వేర్వేరు జాబితాలు కలిసి కనిపిస్తాయి. ఒకటి, ఈ క్షణంలో మీ చుట్టూ గాలిలో ఉన్న నెట్‌వర్క్‌లు. ప్రతి రౌటరూ సెకనుకు దాదాపు పదిసార్లు "నేనిక్కడున్నాను, నా పేరిది" అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. దాన్ని బీకన్ అంటారు. మీ పరికరం విన్న బీకన్ల పట్టికే ఆ జాబితా. రెండోది, మీరు గతంలో కనెక్ట్ అయినందువల్ల పరికరం గుర్తు పెట్టుకున్న నెట్‌వర్క్‌లు. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అందరూ మొదటి జాబితా చూసి టెన్షన్ పడతారు. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు మాత్రం ఎక్కువగా రెండోదానివల్ల పుట్టినవే.

పక్కింటివాళ్ల బీకన్లను మీరు ఆపలేరు. మీ తెర మీద చూపించకుండా మాత్రం చేయవచ్చు, అది కూడా అన్ని పరికరాల్లో కుదరదు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో ఫలానా పేరు చూపించకు అని చెప్పే మామూలు సెట్టింగ్ లేదు. విండోస్ లాప్‌టాప్‌లో మాత్రం దారి ఉంది, సెట్టింగ్స్ మెనూల్లో కనబడదు గానీ. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. అక్కడ నెట్‌ష్ (netsh) అనే టూల్‌లో డబ్ల్యూలాన్ (wlan) విభాగం కింద "యాడ్ ఫిల్టర్" (add filter) అనే ఆదేశం ఉంటుంది. దానికి మూడు వివరాలు ఇవ్వాలి: పర్మిషన్ (permission=) దగ్గర "బ్లాక్" (block), ఎస్‌ఎస్‌ఐడీ (ssid=, అంటే వైఫై పేరు) దగ్గర పక్కింటి నెట్‌వర్క్ పేరు, నెట్‌వర్క్ టైప్ (networktype=) దగ్గర "ఇన్‌ఫ్రాస్ట్రక్చర్" (infrastructure). పేరులో పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు, ఖాళీలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కొట్టాలి. ఆ పేరు జాబితాలోంచి మాయమవుతుంది. "షో ఫిల్టర్స్" అంటే ఇప్పటిదాకా పెట్టినవి చూపిస్తుంది, "డిలీట్ ఫిల్టర్" అని అవే వివరాలిస్తే తీసేస్తుంది.

పేర్లు ఒక్కొక్కటిగా కొట్టడం విసుగనిపిస్తే, పర్మిషన్ దగ్గర "డినై ఆల్" (denyall, మధ్యలో ఖాళీ లేకుండా) అని పెట్టి అన్నిటినీ ఒకేసారి ఆపేసి, "అలౌ" (allow) తో మీ ఇంటి వైఫై పేరు ఒక్కటే అనుమతించవచ్చు. పిల్లలు వాడే డెస్క్‌టాప్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ఊళ్లు తిరిగే లాప్‌టాప్‌కు పెట్టకండి. ఏదో రోజు ఇంటర్నెట్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అది లాప్‌టాప్‌లో కనిపించదు. ఫిల్టర్ పెట్టిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. వైఫై కార్డు పాడైందని దుకాణానికి తీసుకెళ్తారు.

అసలు పక్కింటివాళ్ల నెట్‌వర్క్‌లకు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, పిల్లలు నొక్కినా ఏమీ కాదు. ఆ పేర్ల వల్ల నిజంగా నష్టం ఉన్నది ఇంకోచోట. అవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో బ్యాండ్‌లోనే కిక్కిరిసి ఉంటే మీ వేగం పడిపోతుంది. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 చానళ్లు మూడే. అపార్ట్‌మెంట్‌లో టీవీని, లాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడమే దీనికి మందు. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటి ఎక్కువ దూరం వెళ్లలేదు కాబట్టి పక్కింటివాళ్లది మీ దాకా పెద్దగా రాదు, మీది వాళ్ల దాకా పోదు.

ఇక సేవ్ అయినవి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ఫోన్ ఒక నెట్‌వర్క్‌ను గుర్తుపట్టేది ముఖ్యంగా రెండు విషయాలతో: దాని పేరు, దాని భద్రతా రకం (పాస్‌వర్డ్ ఉందా లేదా, ఉంటే ఏ పద్ధతిలో కాపాడుతోంది అన్నది). అది ఏ ఊళ్లో ఉంది, ఎవరి రౌటర్ అన్నది పట్టించుకోదు. మీ ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ఎవరైనా అదే పేరుతో ఇంకో రౌటర్ పెట్టినా, పాస్‌వర్డ్ తెలియకుండా మీ ఫోన్‌ను కలుపుకోలేరు. కలిసేముందు రెండు వైపులా ఆ పాస్‌వర్డ్ తెలుసని నిరూపించుకోవాలి. పాస్‌వర్డ్ లేని ఓపెన్ నెట్‌వర్క్‌కు ఆ రక్షణ లేదు. పేరు కలిస్తే చాలు, ఫోన్ వెళ్లిపోతుంది. హోటల్లో, కాఫీ షాపులో గోడకు పాస్‌వర్డ్ అంటించి ఉంటుంది చూశారా, అదీ దాదాపు ఓపెన్ కిందే లెక్క, ఆ పాస్‌వర్డ్ వచ్చిపోయే ప్రతివాడికీ తెలుసు.

మన దగ్గర ఎక్కువమంది ఫోన్లలో పడి ఉండే ఓపెన్ నెట్‌వర్క్ రైల్వే స్టేషన్ల రైల్‌వైర్. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్, రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్ కలిసి మొదలుపెట్టిన ఉచిత వైఫై 2018 కల్లా 400 స్టేషన్లకు చేరింది. తర్వాత గూగుల్ తప్పుకుంది, రైల్‌టెల్ కొనసాగించి 2021లో 6,000 స్టేషన్లు దాటించింది. ఒక్కసారి సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో ఫోన్ నంబరు, ఓటీపీ కొట్టి వాడుకున్నారంటే ఆ పేరు మీ ఫోన్‌లో ఉండిపోతుంది. ఆ తర్వాత ఏ స్టేషన్‌లో రైలు ఆగినా లాగిన్ పేజీ మీద పడడం దానివల్లే. ఆ సేవను తప్పుపట్టడం లేదు, ప్రయాణాల్లో పనికొచ్చేదే. ఆటో కనెక్ట్ తీసేయండి, కావాల్సినప్పుడు మీరే నొక్కి వాడుకోండి.

ఇలా ఫోన్ తనంతట తాను ఓపెన్ వైఫైకి వెళ్లిపోవడం వల్ల ప్రమాదం ఎంత అంటే, వాట్సాప్‌లో తిరిగే హెచ్చరికలంత లేదు, పూర్తిగా కొట్టిపారేయదగ్గదీ కాదు. ఇప్పుడు బ్యాంకు యాప్‌లు, ముఖ్యమైన సైట్లు అన్నీ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) పంపుతాయి, అదే పేరుతో దొంగ వైఫై పెట్టి మధ్యలో కూర్చున్నవాడు మీ పాస్‌వర్డ్ నేరుగా చదవలేడు. వాడు చేయగలిగేది దొంగ లాగిన్ పేజీ చూపించడం. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఒక వ్యక్తి మీద ఇలాంటి కేసే పెట్టారు. విమానాశ్రయాల్లో, దేశీయ విమానాల్లో అసలు ఉచిత వైఫైని పోలిన దొంగ వైఫై నడిపి, కనెక్ట్ అయినవాళ్లను ఈమెయిల్, సోషల్ మీడియా లాగిన్ వివరాలు అడిగే పేజీకి పంపాడని అభియోగం. విమానంలో అనుమానాస్పద వైఫై ఉందని విమాన సంస్థ సిబ్బంది గమనించడంతో అది బయటపడింది. ఉచిత వైఫై పేజీ ఏదైనా మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోండి. ఫోన్ నంబరు, ఓటీపీ వరకు సరే.

కాబట్టి సేవ్డ్ జాబితా తెరిచి ఇలా చూడండి. ఓపెన్ నెట్‌వర్క్‌లన్నీ తీసేయండి. హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు, పాత అద్దె ఇల్లు తీసేయండి. పై ఫ్లాట్‌వాళ్లది తీసేయండి, మళ్లీ అవసరమైతే అడిగి పెట్టించుకోవచ్చు. అమ్మగారి ఇల్లు, అత్తగారి ఇల్లు ఉంచుకోండి, పాస్‌వర్డ్ ఉన్నవే కదా, నష్టం లేదు. అప్పుడప్పుడూ మాత్రమే కావాల్సినవాటిని పూర్తిగా తీసేయకుండా ఆటో కనెక్ట్ ఒక్కటే ఆఫ్ చేయవచ్చు.

ఆండ్రాయిడ్‌లో సాధారణంగా సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఇంటర్నెట్ అని వెళ్తే కింద "సేవ్డ్ నెట్‌వర్క్స్" ఉంటుంది. సామ్‌సంగ్‌లో వైఫై పేజీలో పైన మూడు చుక్కలు నొక్కి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి "మేనేజ్ నెట్‌వర్క్స్" చూడాలి. మిగతా కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో చోట పెట్టాయి, సెట్టింగ్స్‌లోని సెర్చ్‌లో "సేవ్డ్" అని కొట్టడం తేలిక. పేరు మీద నొక్కితే "ఫర్గెట్" వస్తుంది.

ఐఫోన్‌లో చాలాకాలం ఇది పెద్ద చిరాకు. ఆ నెట్‌వర్క్ పరిధిలో ఉంటేనే ఫర్గెట్ చేయగలిగేవాళ్లం, లేదంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్ మొత్తం రీసెట్ చేయాల్సి వచ్చేది. 2022లో ఐఓఎస్ 16తో ఆ బాధ తీరింది. వైఫై పేజీలో పైన "ఎడిట్" నొక్కండి, పాస్‌కోడ్ అడుగుతుంది, పాతవన్నీ కనిపిస్తాయి, పాస్‌వర్డ్‌లు కూడా చూసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఐక్లౌడ్ కీచైన్ (పాస్‌వర్డ్‌లను మీ ఆపిల్ పరికరాలన్నిటికీ పంచే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ఫోన్‌లో తీసేసింది అదే ఆపిల్ ఖాతా ఉన్న ఐప్యాడ్‌లోంచి, మ్యాక్ కంప్యూటర్‌లోంచి కూడా పోతుంది. మీరు ఎప్పుడూ వెళ్లని ఆఫీసు పేరు మీ ఐప్యాడ్‌లో ఉందంటే, ఆ ఖాతాతో ఉన్న ఇంకో పరికరం అక్కడికి వెళ్లిందన్నమాట.

విండోస్ 10, 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, "మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్". మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, అడ్వాన్స్‌డ్. లైనక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ వాడేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఆఫీసు వైఫై గురించి మీరు అడగలేదు గానీ, ఇది చెప్పకుండా ఉండలేను. చాలా కంపెనీల్లో వైఫైకి వేరే పాస్‌వర్డ్ ఉండదు, మీ ఉద్యోగి లాగినే వాడతారు. గడువు వచ్చి లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మారుస్తారు. బ్యాగులో ఉన్న ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. అది పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతూనే ఉంటుంది. కొన్ని తప్పు ప్రయత్నాలయ్యాక సర్వర్ మీ అకౌంట్‌ను లాక్ చేస్తుంది. హెల్ప్‌డెస్క్ అన్‌లాక్ చేస్తుంది, అరగంటలో మళ్లీ లాక్. ఎవరో హ్యాక్ చేస్తున్నారని భయపడతారు. దోషి ఫోన్, లేకపోతే ఆఫీసు డ్రాయర్‌లో ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోయిన పాత ట్యాబ్. పాస్‌వర్డ్ మార్చబోయే ముందు అన్ని పరికరాల్లో ఆఫీసు వైఫైని ఫర్గెట్ చేసి, మార్చాక కొత్తదానితో కలపండి. ఫర్గెట్ బటన్ కనిపించకపోతే ఆ నెట్‌వర్క్‌ను కంపెనీయే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ద్వారా పెట్టిందని అర్థం, ఐటీ వాళ్లే తీయాలి.

అమెరికా, యూరప్‌లలో చదివి వచ్చినవాళ్ల ఫోన్లలో ఎడ్యురోమ్ (చాలా దేశాల యూనివర్సిటీలు కలిసి వాడుకునే వైఫై) కూడా ఇలాగే మిగిలిపోతుంది. చదువు అయిపోయి యూనివర్సిటీ ఖాతా మూసేశాక కూడా, ప్రపంచంలో ఏ క్యాంపస్ పక్కనుంచి వెళ్లినా ఫోన్ దానికోసం ప్రయత్నించి విఫలమవుతూ ఉంటుంది. తీసేయండి.

ఇప్పుడు పేరు దాచడం సంగతి. రౌటర్‌లో హైడ్ చేస్తే బీకన్లు ఆగవు, పేరు ఉండాల్సిన చోట ఖాళీ పెట్టి పంపుతుంది, అంతే. పక్కింటివాళ్ల విండోస్ జాబితాలో "హిడెన్ నెట్‌వర్క్" అని ఒక వరస కనిపిస్తూనే ఉంటుంది. మీ ఫోన్ కనెక్ట్ అవుతున్నప్పుడు పేరు గాలిలో బాహాటంగానే వెళ్తుంది, వెతికేవాడికి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దొరికిపోతుంది. ఇది సగం నష్టమే. మామూలు నెట్‌వర్క్ అయితే రౌటర్ పిలుస్తుంది, ఫోన్ వింటుంది. దాచిన నెట్‌వర్క్ తనంతట తాను పేరు చెప్పదు కాబట్టి ఫోనే "ఫలానా పేరుగలవాడా, ఉన్నావా" అని అడగాల్సి వస్తుంది. మీరు ఇంట్లో ఉన్నారో లేదో దానికి తెలియదు కదా, మాల్‌లో, బస్టాండ్‌లో కూడా అదే పేరు అడుగుతుంది. ఇంట్లో దాచిన పేరును ఊరంతా మీ ఫోనే చెప్పుకుని తిరుగుతుంది. అందుకే దాచిన నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయితే ఐఫోన్ ప్రైవసీ హెచ్చరిక చూపిస్తుంది. దీనికితోడు కొత్త టీవీ, ప్రింటర్ పెట్టిన ప్రతిసారీ పేరు చేత్తో కొట్టాలి, కొన్ని చవక కెమెరాలు, స్మార్ట్ బల్బులు అసలు కలవవు.

ఆ శ్రమ ఇంకోచోట పెట్టండి. భద్రతా రకం డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి, మీ ఫోన్ నంబరు కాకూడదు. ఇన్‌స్టాల్ చేసేవాళ్లు కస్టమర్ ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లడం నేను తరచుగా చూస్తుంటాను, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరికీ ఉన్న నంబరది! రౌటర్ లోపలికి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సౌకర్యం) ఆఫ్ చేయండి. చుట్టాలకు, పనికి వచ్చేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి, వాళ్ల ఫోన్లలో సేవ్ అయ్యేది మీ అసలు పాస్‌వర్డ్ కాకుండా ఉంటుంది.

పేరులో ఫ్లాట్ నంబరు, ఇంటిపేరు పెట్టకపోవడం మంచిది. పేరు తెలుగులో పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ వైఫై పేరుకు 32 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తింటే, యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తింటాయి. అంటే పది గుర్తులు. "శ్రీనివాసం" సరిగ్గా 30 బైట్లలో పడుతుంది, "వేంకటేశ్వర నిలయం" పట్టదు. కొన్ని రౌటర్ల పేజీలు తెలుగు అక్షరాలను తీసుకోవు కూడా. ఇంకో సంగతి, ఫోన్లు తాము చూసిన రౌటర్లను బట్టి లొకేషన్ లెక్కగట్టే వ్యవస్థ గూగుల్‌కు ఉంది. మీ రౌటర్ అందులో వద్దనుకుంటే పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో "నోమ్యాప్" అని కలిపితే చాలు.

మీ హాలు, బెడ్‌రూం గొడవకు వస్తాను. ఎక్స్‌టెండర్‌కు వేరే పేరు ఉంది కాబట్టి ఫోన్ దృష్టిలో అవి రెండు సంబంధం లేని నెట్‌వర్క్‌లు. ఒకదానికి కలిశాక, ఆ సిగ్నల్ బాగా పడిపోయేదాకా రెండోది ఎంత బలంగా ఉన్నా సాధారణంగా దానివైపు చూడదు. ఎక్స్‌టెండర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రౌటర్‌కు ఉన్న పేరు, పాస్‌వర్డ్, భద్రతా రకం అక్షరం తేడా లేకుండా అక్కడా పెట్టండి. అప్పుడు రెండూ ఒకే నెట్‌వర్క్‌గా కనిపిస్తాయి, తిరుగుతున్నప్పుడు ఫోన్ చాలావరకు తనే మారుతుంది. నూటికి నూరుపాళ్లు కాదు, ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. హాల్లోనే ఉండే టీవీలాంటి వాటిలో ఇది చేయక్కర్లేదు, ఎక్స్‌టెండర్ పేరును ఫర్గెట్ చేస్తే సరి. రేపు ఇంటర్నెట్ కంపెనీ మారి కొత్త రౌటర్ వచ్చినా ఇదే చిట్కా: పాత పేరు, పాత పాస్‌వర్డ్, అదే భద్రతా రకం పెట్టండి, ఇంట్లో ఉన్నవన్నీ వాటంతటవే కలుస్తాయి.

హాస్టల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ప్రతి నెట్‌వర్క్‌కూ అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) కాకుండా ఒక మారు అడ్రస్ చూపిస్తాయి. కాలేజీలో మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేయించుకుని వైఫై ఇచ్చేచోట దీనివల్ల కనెక్ట్ కాదు. ఫర్గెట్ చేసి మళ్లీ కలిపినంత మాత్రాన బాగుపడదు. ఆ ఒక్క నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్లి ప్రైవసీ దగ్గర ఫోన్ అసలు మ్యాక్ అడ్రస్ వాడమని పెట్టాలి. మిగతా అన్నిచోట్లా మారు అడ్రస్సే ఉండనివ్వండి.

తీసేయడం మొదలుపెట్టేముందు ఉంచుకోదలచినవాటి పాస్‌వర్డ్‌లు ఒకచోట రాసుకోండి. ఆండ్రాయిడ్ 10 తర్వాతి ఫోన్లలో "షేర్" నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, ఇంకో ఫోన్‌తో స్కాన్ చేస్తే కనెక్ట్ అయిపోతుంది. "రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్" జోలికి మాత్రం చివరిదాకా వెళ్లకండి. వైఫైలతోపాటు ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జతలు, ఐఫోన్‌లో వీపీఎన్ సెట్టింగ్స్ కూడా పోతాయి. లాప్‌టాప్‌లో ఫిల్టర్ పెట్టాక కూడా ఏదైనా పేరు పోకపోతే, ఆ పేరు ఎలా కనిపిస్తోందో అలాగే ఇక్కడ రాయండి, చాలాసార్లు చివర్లో ఒక ఖాళీ నక్కి ఉంటుంది.